నాన్న చేతక్

డిగ్రీ రెండో ఏడు నాన్న తన పాత చేతక్ నాకిచ్చారు. తెల్లవారుజామున చిక్కడపల్లిలో పేపర్లు వేసి పరీక్ష ఫీజు కట్టుకుందామని ఆశ. ఫుట్‌బోర్డు మ్యాటు కిందంతా తుప్పు. తొందరపడి దాని మీదే నల్లరంగు కొట్టాను. మొదటి వానకే పొక్కులు లేచాయి.

ముషీరాబాద్‌లో రంగులేసే ముసలి మేస్త్రీ చూసి, "లోపల తింటనే ఉంటది బిడ్డా, మొత్తం గీకు" అన్నాడు. వైర్ బ్రష్షుతో గీకి, ఎమ్రీ కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్దాను. ఓ మూల వేలు దూరేంత చిల్లి! రేకు ముక్క వెల్డింగుకే ఆ నెల పేపర్ల డబ్బు సరి. థిన్నరు గుడ్డతో తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ పూశాను. ఆరాక రెండు పలచని పూతలు. బస్‌భవన్‌లో నిలిపిన 1932 నాటి ఆల్బియన్ బస్సుకు ఎన్ని పూతలు పడ్డాయో!

దసరాకు నాన్న వచ్చారు. మ్యాటెత్తి చూసి, చెప్పులు విప్పి బండెక్కారు.