లారీ దూరంగా ఉంది కదా!

మా అబ్బాజాన్ పాశమైలారం పారిశ్రామికవాడలో ముప్పై ఏళ్ళకు పైగా ఫిట్టరుగా పనిచేసి ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నారు. ఇస్నాపూర్‌లో జాతీయ రహదారికి ఒక వైపున మా ఇల్లు, మరొక వైపున మస్జిదు ఉన్నాయి. గత చలికాలంలో ఒక సాయంత్రం మగ్రిబ్ అజాన్ వినిపించగానే మేము అన్నదమ్ములము ఇద్దరమూ ఆయనతో కలసి బయలుదేరాము. "త్వరగా రండి అబ్బా, జమాత్ తప్పిపోతుంది" అంటూ మేము ముందుగా దాటి డివైడరు వద్ద నిలబడ్డాము. ఆయన మా వెనుక రోడ్డు మీదికి అడుగుపెట్టారు. బ్రేకుల చప్పుడుకు తిరిగి చూసేసరికి, ఒక లారీ ఆయనకు రెండు మూరల దూరంలో ఆగి ఉంది.

అల్లాహ్ కాపాడాడు. కానీ మా నోటిని మేము కాపాడుకోలేకపోయాము. "అంత పెద్ద లారీ కనబడలేదా?" అని నలుగురిలో కసిరాము. ఆయన తల వంచుకుని, "కనబడింది బేటా. దూరంగా ఉంది కదా అనుకున్నాను" అన్నారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. కన్ను చూసింది. మరి పొరపాటు ఎక్కడ జరిగింది? తెలుసుకునేందుకు కొంత చదివాము.

మనం ఎక్కడ ఉన్నామో మెదడు నిరంతరం లెక్క కట్టుకుంటూనే ఉంటుంది. ఎలుక ఒక నిర్దిష్ట చోటికి చేరినప్పుడు మాత్రమే స్పందించే కణాలు దాని మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగంలో ఉన్నాయని 1971లో జాన్ ఓకీఫ్ వెల్లడించారు. దాని పొరుగు భాగంలో, స్థలాన్ని గళ్ళుగా కొలిచే కణాలను 2005లో మోసర్ దంపతులు కనుగొన్నారు. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి లభించింది. కరెంటు పోయిన రాత్రి కూడా అబ్బాజాన్ తడుముకోకుండా వుజూ నీళ్ళ వద్దకు వెళ్ళగలగడం అటువంటి అంతరంగ పటం చలవే.

అయితే కదిలి వచ్చే వాహనం సంగతి వేరు. అది సమీపించేకొద్దీ కంటిలో దాని ప్రతిబింబం పెరుగుతుంది. ఆ పెరిగే తీరును బట్టి అది ఎంతసేపటిలో చేరుతుందో మెదడు అంచనా వేస్తుంది. దూరాన ఉన్నంతసేపూ ఆ పెరుగుదల దాదాపు తెలియదు, దగ్గరకు వచ్చాక ఒక్కసారిగా ఎక్కువవుతుంది. అందుచేత దూరం తెలిసినంత సులువుగా వేగం తెలియదు. వృద్ధులు రోడ్డు దాటేటప్పుడు వాహన వేగం కంటే దూరం మీదనే ఎక్కువగా ఆధారపడతారని పరిశోధకులు గమనించారు. చిన్న పిల్లలలోనైతే వేగాన్ని పసిగట్టే ఆ శక్తి ఇంకా పరిపక్వం కాదు.

ఒక లెక్క వేసి చూశాము. మూడు వరుసల రోడ్డు దాటాలంటే సుమారు పదిన్నర మీటర్లు నడవాలి. సెకనుకు ఒక మీటరు నడిచే పెద్దాయనకు పదిన్నర సెకన్లు పడుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆలోగా సుమారు 115 మీటర్లు వస్తుంది. 80 కిలోమీటర్ల వేగంతో వచ్చేది 230 మీటర్లు దాటి వస్తుంది. ఈ రహదారిని 9వ నెంబరుగా పిలిచిన రోజుల్లో అబ్బాజాన్‌కు అలవడిన 'దూరం', నేటి 65వ నెంబరు రహదారికి చాలదు. పైగా కాళ్ళు కూడా నెమ్మదించాయి.

దీనికి మా తొందర తోడయ్యింది. జమాత్ అందదేమోనన్న ఆందోళన, ముందు నుండి మా పిలుపులు ఆయన దృష్టిని వాహనాల మీద నుండి మా మీదకు మళ్ళించాయి. నమాజుకు పరుగులు తీయవద్దనీ, నిదానంగా నడిచి రావాలనీ దైవప్రవక్త (స) బోధించారు. నమాజు కోసమే ఆ బోధనను మరచిన వారము మేము. తప్పు ఆయన కళ్ళది కాదు, మా తొందరది.

మరునాడే ఆయనను క్షమాపణ కోరాము. ఇప్పుడు అజాన్‌కు పది నిమిషాల ముందే బయలుదేరుతున్నాము. వాహనాలు వచ్చే వైపున మేము నిలబడి, ఆయన అడుగుతో అడుగు కలుపుతాము. రోడ్డు మీద మాటలు లేవు. సగం దాటాక డివైడరు వద్ద ఆగి, మళ్ళీ చూసి, మిగతా సగం దాటుతాము.

మొన్న మనవడి చేయి పట్టుకుని రోడ్డు అంచున నిలబడ్డారు అబ్బాజాన్. "లారీ దూరంగా ఉంది కదా దాదా, పోదాం" అన్నాడు వాడు. ఆయన వాడి చేయి మరింత గట్టిగా పట్టుకుని, "దూరంగానే ఉంది బేటా. పోనిద్దాం" అన్నారు.