మూరెడు దూరానికి నాలుగు బారల గొట్టం

పిల్లలూ, మీరు గోలీ సోడా తాగే ఉంటారు. సీసా మెడలోని గోలీని నొక్కగానే అది కీచుమంటూ లోపలికి దిగుతుంది. ఆ వెంటనే సోడా బుసబుసమని పొంగి వస్తుంది. ఆ పొంగును అదుపులో పెట్టడానికి ఎంత యుక్తి కావాలో నేను అమెరికాలో ఒక ముసలాయన ఇంట చూశాను. రండి, మిమ్మల్ని కూడా అక్కడికి తీసుకుపోతాను.

అమెరికా ఉత్తరపు సరిహద్దున మిన్నెసోటా అనే రాష్ట్రం ఉన్నది. దానికి “పదివేల సరస్సుల సీమ” అని పేరు. మిసిసిపీ మహానది పుట్టేది అక్కడి ఇటాస్కా సరస్సులోనే. చలికాలంలో సరస్సులు ఎంత మందంగా గడ్డకడతాయంటే, వాటి మీద కార్లు నడుపుతారు! నేను వెళ్ళింది జూలై నెలలో. అప్పుడు అక్కడా ఎండ చురుక్కుమంటుంది. మిన్నియాపొలిస్ నగరం పక్కన మా మిత్రుడి ఇంట్లో దిగాను.

మర్నాడు మిత్రుడి కూతురి పుట్టినరోజు. పొరుగింటి ముసలాయన ఒకప్పుడు సోడా లారీ నడిపినవాడు. పిల్లలందరికీ సోడా పోసే పని తనదేనని ఆయన మాట ఇచ్చాడట. ఆ ఏర్పాట్లు చూద్దామని నేనూ, మిత్రుడి కొడుకూ ఆయన కారుషెడ్డుకు వెళ్ళాము.

అక్కడ ఒక పాత ఫ్రిజ్ ఉన్నది. అందులో తుప్పుపట్టని ఉక్కుతో చేసిన పొడుగాటి పీపా ఉన్నది. దానిలో 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు పడుతుంది. కార్నీలియస్ అనే కంపెనీ పేరు మీద దాన్ని “కార్నీ కెగ్” అంటారు. వెనకటి రోజుల్లో సోడా కంపెనీలు నీళ్ళూ, పాకమూ, వాయువూ అన్నీ ముందే కలిపి ఇటువంటి పీపాలలో దుకాణాలకు పంపేవి. తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు చాలా చోట్లకు చిక్కని పాకం ఒక్కటే సంచులలో వెళుతుంది. దుకాణంలోని యంత్రమే దానిలో సోడానీళ్ళు కలుపుతుంది. బరువు మోసే బాధ తప్పింది. పని లేకుండా పోయిన పాత పీపాలు చాలా వరకు ఇళ్ళకు చేరాయి.

ముసలాయన పీపాలో రూట్ బీర్ కలిపాడు. పేరులో బీరు ఉన్నా దానిలో మత్తు ఉండదు, పిల్లలు తాగేదే. దాని వాసన నాకు మాత్రం ఒంటినొప్పులకు రాసుకునే మందును జ్ఞాపకం చేసింది!

పీపా పక్కన బొగ్గుపులుసు వాయువు సిలిండరు ఉన్నది. కార్బన్ డయాక్సైడ్ అన్నా అదే. సిలిండరులో దాని ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 50 రెట్లకు పైగా ఉంటుంది. వంటగ్యాసుకు ఉన్నట్టే దీనికీ ఒక రెగ్యులేటరు ఉన్నది. అది ఒత్తిడిని బాగా తగ్గించి, మామూలు గాలి ఒత్తిడికి పైన మరి రెండింతలు మాత్రమే పీపాలో ఉండేటట్టు చేస్తుంది. చల్లని నీటిలో వాయువు బాగా కరుగుతుంది. అందువల్ల ఫ్రిజ్‌లో కొన్ని రోజులు ఉంచితే, ఒక లీటరు సోడాలో దాదాపు 4 లీటర్ల వాయువు ఇమిడిపోతుంది!

అంతా బాగానే ఉన్నది కాని, ఒక్కటి మాకు అర్థం కాలేదు. పీపాకూ కుళాయికీ మధ్య దూరం మూరెడు. గొట్టం మాత్రం 25 అడుగులు, అంటే నాలుగు బారలు! వేలు కూడా దూరనంత సన్నని ఆ గొట్టాన్ని పాములా చుట్టి పీపా మీద పెట్టాడు.

మర్నాడు ఇరవైమంది పిల్లలు గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. సోడా సన్నగా, నెమ్మదిగా వస్తున్నది. ముసలాయన ఇంట్లోకి వెళ్ళిన సమయం చూసి, మా మిత్రుడి కొడుకు ఆ పొడుగు గొట్టం ఊడదీసి పొట్టి గొట్టం తగిలించాడు. వాయువు తక్కువగా ఉండే పానీయాలకు వాడే గొట్టం అది. “ఇప్పుడు చూడండి, ఎంత తొందరగా వస్తుందో!” అన్నాడు.

కుళాయి తిప్పగానే బుస్సుమని నురగ చిమ్మింది. గ్లాసు నిండా నురగే. అడుగున సోడా వేలెడు కూడా లేదు. రెండో గ్లాసూ అంతే, మూడోదీ అంతే. నేలంతా తడిసింది. చెల్లెలి పుట్టినరోజు పాడుచేశానని వాడికి ఏడుపు వచ్చింది.

ముసలాయన తిరిగి వచ్చాడు కాని కోప్పడలేదు. పొడుగు గొట్టాన్ని వాడిచేతనే మళ్ళీ పెట్టించి, సంగతి చెప్పాడు. మేడ మీద నుంచి ఒక్కసారి దూకితే కాలు విరుగుతుంది. మెట్లు దిగితే ఏమీ కాదు. సోడా కూడా అంతే. పొట్టి గొట్టంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అందుచేత కరిగిన వాయువు నురగై బయటికి దూకుతుంది. పొడుగు గొట్టంలో సోడా గోడలను రాసుకుంటూ పోతుంది. ఒత్తిడి కొంచెం కొంచెంగా తగ్గి, కుళాయి దగ్గరకు వచ్చేసరికి నెమ్మదిస్తుంది.

“మరి రెగ్యులేటరులోనే ఒత్తిడి తగ్గిస్తే పోదా?” అని అడిగాడు కుర్రవాడు.

“అప్పుడు పీపాలోని వాయువు మెల్లగా సోడాను విడిచిపోతుంది. నాలుగు రోజులలో అది ఉత్త తీపినీళ్ళు!” అన్నాడాయన.

ఆయన ఇంకొక హెచ్చరిక కూడా చేశాడు. పీపా మూత తీసే ముందు లోపలి ఒత్తిడిని మీట ఎత్తి పూర్తిగా వదిలివేయాలి. సిలిండరును పడిపోకుండా కట్టివేయాలి. ఈ వాయువు మూసిన గదిలో పేరుకుంటే ప్రాణానికే ముప్పు కాబట్టి, షెడ్డు తలుపు ఎప్పుడూ తెరిచి ఉంచాలి. ఇది పెద్దలు దగ్గర ఉండి చేయించవలసిన పని.

ఆ తర్వాత పిల్లలందరికీ సోడా అందింది. పోసినవాడు ఆ కుర్రవాడే. తన గ్లాసు మాత్రం అందరికన్న చివర నింపుకున్నాడు.

మీరూ ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. రెండు చిన్న ప్లాస్టిక్ సోడాబుడ్లు తెచ్చి, ఒకటి ఐసునీళ్ళలోనూ, ఒకటి బయటా గంటసేపు ఉంచండి. తర్వాత అమ్మనో నాన్ననో పిలిచి, తొట్టిలో పెట్టి రెండిటి మూతలూ నెమ్మదిగా తిప్పండి. ఏది ఎక్కువగా పొంగిందో చూస్తే, ముసలాయన పీపాను ఫ్రిజ్‌లో ఎందుకు పెట్టాడో మీకే తెలుస్తుంది.