చెప్పులేసుకుని ఫ్రిజ్ తెరిచే ఇల్లు

మా అమ్మ ఫ్రిజ్ తలుపు తెరవాలంటే ముందు చెప్పులు వెతుక్కునేది. వంటింట్లో ఓ మూల దానికోసమే ఒక జత హవాయి చెప్పులు ఉండేవి. కొత్తవాళ్లెవరైనా నీళ్ల సీసా కోసం అటు పోతే "చెప్పులేసుకో నాయనా, జిల్లుమంటాది" అనేది, "మెట్టుంది చూసుకో" అన్నంత మామూలుగా.

మీ ఇంట్లోనూ ఇట్లా "కొంచెం కొట్టేది" ఏదో ఒకటి ఉండే ఉంటుంది. గ్రైండరో, వాషింగ్ మిషనో, నీళ్ల మోటరో. ఎవరూ దాన్ని రిపేరు అనుకోరు. ఇంటి అలవాటు అనుకుంటారు.

మాది పాములపాడు. నందికొట్కూరుకూ ఆత్మకూరుకూ మధ్య. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. వార్తల్లో తెగ వినిపించిన బనకచర్ల మా మండలంలోదే. నాన్న కట్టిన మిద్దె, కింద బేతంచెర్ల బండలు. నాన్న పోయాక ఇల్లు నా పేరు మీదికి వచ్చింది, కరెంటు బిల్లు కూడా. ఆ బిల్లు మీద నా పేరు చూసుకున్నప్పటి నుంచి ఇంట్లో ఏది ఆగినా నేనే చూడాలనే పిచ్చి ఒకటి పట్టుకుంది. ఎలక్ట్రీషియన్ రావాలంటే రెండు రోజులు. ఫోన్‌లో వీడియో అయితే ఎనిమిది నిమిషాలు.

మొదటి గెలుపు వరండాలో బల్బు మీద. పాత బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాం. స్విచ్ ఆపేసినా రాత్రంతా మిణుకుమిణుకుమంటూ వెలిగేది. "మీ నాయన ఇల్లు చూసుకుంటా ఉన్నాడేమో లేరా" అంది అమ్మ. నవ్వాలో వద్దో తెలియలేదు. మెయిన్ ఆపి స్విచ్ బోర్డు విప్పితే విషయం బయటపడింది. ఎప్పుడో వైరింగ్ చేసినాయన స్విచ్‌ను ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో పెట్టాడు. అంటే స్విచ్ ఆపినా హోల్డర్ దాకా కరెంటు వచ్చి కూర్చునే ఉంది. పాత 60 వాట్ల బల్బుకు ఆ చిన్న లీకేజీ సరిపోదు కాబట్టి ఇన్నేళ్లూ కనపడలేదు. ఎల్‌ఈడీకి అంత చాలు. ఆరిపోయిందని నమ్మి నాన్న ఎన్నిసార్లు ఆ హోల్డర్‌లో చెయ్యి పెట్టి బల్బు మార్చాడో! తీగ మార్చి స్విచ్‌ను ఫేజులోకి తెచ్చాను. ఆ రాత్రి వరండా నిజంగా చీకటైంది.

రెండోది ఫ్యాను. రెగ్యులేటర్ ఐదు మీద పెట్టినా బద్ధకంగా తిరిగేది. 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మారిస్తే గాలి వచ్చింది. దాంతో నాకు తల తిరిగింది.

తర్వాత ఫ్రిజ్.

మూడు రంధ్రాల ప్లగ్గులో పైన పెద్దది ఎర్త్. పరికరం ఇనుప వొంటి మీదికి కరెంటు లీకైతే ఆ దారిన భూమిలోకి పోవాలి. హోల్డర్‌కు రెండు తీగలు కట్టి టెస్ట్ బల్బు చేశాను. ఫేజుకూ న్యూట్రల్‌కూ పెడితే బ్రహ్మాండంగా వెలిగింది. ఫేజుకూ ఎర్త్‌కూ పెడితే అస్సలు వెలగలేదు. అంటే ఎర్త్ చచ్చిపోయింది. ఎందుకో కూడా తెలుసు. ఇంటి వెనక ఎర్త్ గుంత ఉన్న చోటే మేం కొత్త బాత్రూం కట్టి, పైన సిమెంటు పోశాం. చుక్క నీరు దిగదు. మా నల్లరేగడి ఎండాకాలం బీటలిస్తే అందులో చెయ్యి పడుతుంది, ఇంక పైపును ఏం పట్టుకుంటుంది?

ఇక్కడిదాకా నా లెక్క కరెక్టే. తప్పు ఆ తర్వాతది.

గుంత తవ్వాలంటే మనుషులు కావాలి, బొగ్గు కావాలి, డబ్బు కావాలి. వీడియోలో ఒకాయన రెండు అంగుళాల తీగ ముక్కతో పని కానిచ్చాడు. ప్లగ్గు పాయింటు లోపల ఎర్త్ పిన్నును న్యూట్రల్‌తో కలిపేయడమే. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలో కలుపుతారు కదా, రెండూ ఒకటే కదా అని నాక్కూడా తర్కం కుదిరింది. కలిపేశాను. జిల్లుమనడం ఆగిపోయింది.

అమ్మ వట్టి కాళ్లతో నిలబడి ఫ్రిజ్ తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "మీ నాయనకు కూడా చేతగాలేదు రా" అంది. ఆ మాట కోసం నేను ఊళ్లో అన్ని ఫ్రిజ్‌లూ బాగుచేసేవాణ్ని. వాషింగ్ మిషన్ పాయింటులోనూ అదే ముక్క పెట్టాను. ఆ వారంలోనే పక్క వీధిలో పిన్ని పిలిస్తే పోయి, ఉగ్గాని బజ్జీ తిని వచ్చాను. హవాయి చెప్పులు వంటింట్లోంచి బయటికి పోయాయి.

ఏడాది తిరిగింది. మే నెల సాయంత్రం గాలి లేచింది. ఇంట్లో లైట్లు ఒకసారి మసకేసి, పెరిగి, పోయాయి. బయట చూస్తే వీధిలో అందరికీ ఉంది. టెస్టర్ తీసుకుని ప్లగ్గులో పెట్టాను. ఫేజు రంధ్రంలో వెలిగింది. న్యూట్రల్ రంధ్రంలోనూ వెలిగింది. రెండింట్లోనూ కరెంటు ఉంటే మరి ఒక్క బల్బూ వెలగదేం? వింతగా తోచి, ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు నేను చేయాల్సిన పని ఒక్కటే, మెయిన్ ఆపడం. అది తప్ప అన్నీ చేశాను.

అమ్మ అప్పుడే మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు తీసుకుని దిగింది. చినుకులు మొదలయ్యేలోపు తేవాలనే తొందరలో చెప్పులు విడవకుండానే వంటింట్లోకి పోయింది. కరెంటు పోయింది కదా, పాలు విరుగుతాయేమో చూద్దామని ఫ్రిజ్ మీద చెయ్యేసింది.

అరుపు కాదు. గొంతులోంచి ఒక చప్పుడు. తర్వాత పళ్లెం బండల మీద పడ్డ మోత. నేను వెళ్లేసరికి గట్టుకు ఆనుకుని కూర్చుని ఉంది. మోచెయ్యి దోక్కుపోయింది, గాజులు పగిలాయి. వడియాలు ఇల్లంతా. "కొట్టింది రా" అని మాత్రం అంది, పిల్లలు చెప్పినట్టు.

ఆత్మకూరు తీసుకుపోయి ఈసీజీ తీయించాం. బాగానే ఉంది. ఆ రోజు ఆమె కాళ్లకు చెప్పులు ఉండటం నా తెలివి కాదు, వడియాల పుణ్యం.

పొద్దున ఎలక్ట్రీషియన్ అన్న వచ్చాడు. మెయిన్ స్విచ్ విప్పి చూపించాడు. న్యూట్రల్ స్క్రూ వదులై, వేడికి తీగ నల్లగా మాడి ఊడిపోయింది. తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు పాయింటు విప్పి, నా తీగ ముక్కను వేళ్ల మధ్య పట్టుకున్నాడు.

"ఇది ఎవరు కలిపినారు?"

"నేనే అన్నా."

కాసేపు ఏం అనలేదు. తిట్టినా బాగుండేది. "కరెంటు ఫేజులో వస్తాది, బల్బులోంచి పోయి న్యూట్రల్‌లో తిరిగి పోతాది. తిరిగిపోయే దారి తెగింది. అప్పుడేమైతాది? బల్బుల్లోంచి, ఫ్యాన్లలోంచి వచ్చిన కరెంటు ఇంటి న్యూట్రలంతా నిండి నిలబడతాది. నీ టెస్టర్ రెండుపక్కలా వెలిగింది అందుకే. నువ్వేమో ఆ న్యూట్రల్‌ను తీసుకపోయి ఫ్రిజ్ వొంటికి కట్టినావు."

ఇంతకుముందు ఫ్రిజ్ మీదికి వచ్చేది జిల్లుమనేంత లీకేజీ. నేను బాగుచేశాక వచ్చింది ఇంటి కరెంటు, 230 వోల్టులు.

ఎంసీబీ ఎందుకు పడిపోలేదని అడిగాను. అది తీగను కాపాడేది, మనిషిని కాదన్నాడు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ 16 దాటితేనే కదులుతుంది. గుండె తప్పడానికి ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషి కోసం ఉండేది ఆర్‌సీసీబీ. ఫేజులో ఎంత పోయింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అని చూస్తూ ఉంటుంది. 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే, సెకనులో మూడో వంతు లోపలే ఆపేస్తుంది.

ఈసారి గుంత తవ్వించాం, మోటరు నీళ్లు పారే చోట. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలు వరసలుగా, పైన నీళ్లు పోయడానికి చిన్న తొట్టి. పైపు, డబ్బా, కూలి అన్నీ కలిపినా నా ఫోన్ ధరలో సగం కాలేదు. సాయంత్రానికి టెస్ట్ బల్బును ఫేజుకూ కొత్త ఎర్త్‌కూ పెడితే కళ్లు చెదిరేలా వెలిగింది.

అన్న ఆర్‌సీసీబీ బిగించి పైకి లేపాడు. ఫ్యాను తిరగడం మొదలైందో లేదో టప్పున పడింది. మళ్లీ లేపాడు. మళ్లీ పడింది. నావైపు తిరిగాడు.

"ఇంగ యాడన్నా కలిపినావా?"

వాషింగ్ మిషన్. పూర్తిగా మరిచిపోయాను. న్యూట్రల్‌లో తిరిగి రావాల్సిన కరెంటులో కొంత నా ముక్క గుండా కొత్త ఎర్త్‌లోకి జారిపోతోంది. లెక్క తేడా వస్తోంది, డబ్బా పడిపోతోంది. ముక్క తీశాక నిలబడింది. అన్న టెస్ట్ బటన్ నొక్కి, అది పడేది చూపించి, నెలకోసారి ఇట్లా నొక్కాలన్నాడు.

అమ్మ కట్టు కట్టిన చేత్తోనే టీ తెచ్చింది. నన్ను అందరూ తప్పు పడుతున్నారనిపించిందేమో, వెనకేసుకొచ్చింది. "వానికి ఏం తెలీదనుకోవద్దు నాయనా. వాళ్ల పిన్ని ఇంట్లో ఫ్రిజ్ కూడా వాడే బాగుచేసినాడు. సంవత్సరమైంది, మళ్లా కొట్టనేలేదంట."

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు.

పిన్నికి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, తీయలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పక్క వీధికి పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. లోపల్నుంచి పిన్ని గొంతు వినిపించింది.

"ఏం రా, ఈ ఎండలో వచ్చినావు? కూర్చో, ఫ్రిజ్‌లో చల్లనీళ్లు తెస్తా."

"వద్దు పిన్నీ, ఆడే నిలబడు" అని అరుస్తూ మెయిన్ స్విచ్ ఎక్కడుందో వెతుక్కున్నాను.