నేనూ, నా సోల్డరింగ్ ఐరనూ, ఓ గుడ్ ఫ్రైడే

మావాడొకడు కడపలో చర్చిలో గిటార్ వాయిస్తాడు. మా కర్నూలు, కడప వైపు ఎలక్ట్రిక్ గిటార్ వినబడేది ఎక్కువగా చర్చిలోనో, పెళ్లి ఆర్కెస్ట్రాలోనో. 2009లో వాళ్లన్న కువైట్ నుంచి వస్తూ వాడికో బాస్ డీఎస్-1 తెచ్చాడు. అదేనండీ, 1978లో మొదలైన నారింజరంగు డిస్టార్షన్ డబ్బా.

నాలుగు రోజులు సెలవు పెట్టి కర్నూలు వెళ్తే, చూడమని నా చేతికిచ్చాడు. చూసి ఇచ్చేయొచ్చుగా? అబ్బే! ఏడాదంతా జావా రాసేవాడికి సోల్డరింగ్ ఐరన్ దొరికితే ఆగుతాడా? ఆ పెడల్లో సిగ్నల్ తల నరికేవి రెండు సిలికాన్ డయోడ్లు, సుమారు 0.6 వోల్టుల దగ్గర. వాటి బదులు ఎర్ర ఎల్ఈడీలు పెడితే కత్తెర 1.7 దాకా పైకి జరుగుతుంది. మోత పెరుగుతుంది, తీగ మీద దెబ్బ స్పష్టంగా తెలుస్తుంది. ఖర్చు నాలుగు రూపాయలు. (జెర్మేనియం పెడదామనుకున్నా గానీ, వేడెక్కేకొద్దీ దాని లీకేజీ పెరుగుతుంది. కర్నూలు ఏప్రిల్‌లో జెర్మేనియమా, వద్దు సామీ!)

శబ్దం బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సంబరంలో, పెడల్లో బ్యాటరీ ఎందుకు దండగని, చెల్లెలి కీబోర్డు అడాప్టర్ గుచ్చా. పిన్ను చక్కగా దూరింది. కంపైల్ అయితే చాలు, పనిచేసినట్టే అనుకునే జాతి కదా మనది! ఆ అడాప్టర్ 12 వోల్టులు, మధ్యలో ప్లస్. పెడల్‌కి కావలసింది 9, మధ్యలో మైనస్. సన్నగా కాలిన వాసన... లైటు లేదు.

"యేం జేస్తివిరా? మా యన్నకు యేమని చెప్పల్ల?" అన్నాడు. అంతే, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రెండు రాత్రులు నిద్రలేదు. చివరికి మీటర్ పెట్టి చూస్తే, ఉల్టా కరెంటుకి అడ్డం పడే డయోడే షార్టయి చచ్చింది. రూపాయి పెట్టి 1ఎన్4001 వేస్తే పెడల్ లేచింది.

అయినా వాడి భయం తీరలేదు. గుడ్ ఫ్రైడే ఏడు మాటల ఆరాధన మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, ఆ వేళకి కరెంటు నమ్మకం లేదు. అంతకుముందు ఆదివారం ఇన్వర్టర్ మీద పెడల్ నొక్కితే తేనెతుట్టె కదిలినట్టు రొద వచ్చిందట. ఆ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది. మామూలు 230 వోల్టుల కరెంటు శిఖరం 325, స్క్వేర్ వేవ్ శిఖరం 230 దగ్గరే. ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌లో కెపాసిటర్ నిండేది శిఖరాన్ని బట్టి కాబట్టి వోల్టేజీ పడిపోతుంది. ఆ చదరపు అంచుల రొద లోపలికి దూరితే డిస్టార్షన్ దాన్ని వందల రెట్లు పెంచుతుంది. పైగా అదే అడాప్టర్ డిలే పెడల్‌కీ. గ్లోబల్ వేరియబుల్ లాగన్నమాట, ఒకడి చెత్త ఇంకొకడి నెత్తిన.

ఇంట్లో కంప్యూటర్ యూపీఎస్ విప్పి 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తీశా. దానికి ఒక 7809 రెగ్యులేటరు, అర ఆంపియరు ఫ్యూజు. (ఫ్యూజు మానకండి, లెడ్ బ్యాటరీ షార్టయితే తీగలు మండిపోతాయి.) రెండు పెడల్సూ కలిపి 100 మిల్లీఆంపియర్లు కూడా లాగవు. మూడు గంటలకి బ్యాటరీలో ఇరవయ్యో వంతు కూడా ఖర్చవదు.

నాలుగో మాట దగ్గర కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఆంప్ సన్నగా గొణుగుతోంది, అది నేను ఆపలేను. మావాడు పెడల్ నొక్కాడు, నాకు ఊపిరాడలేదు. తేనెటీగలు రాలేదు. వాయిస్తూనే వెనక్కి తిరిగి నావైపు ఒకసారి చూశాడు.

బ్యాటరీ వాడి దగ్గరే ఉండిపోయింది. కరెంటు పోగానే కంప్యూటర్ కూడా ఎందుకు పోతోందని మా నాన్న ఆ వేసవంతా ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాడు.