నలభై వేలలో ఒక కంప్యూటరు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు మన పెద్దలు. ఆ రెండింటి సరసన ‘కంప్యూటరు కూర్చి చూడు’ అని మూడవ మాట చేర్చవచ్చునని 2023 వేసవిలో మాకు అనుభవపూర్వకంగా తెలిసింది. ఆ ఏడు మా అబ్బాయి పన్నెండవ తరగతి పూర్తి చేశాడు. ఫలితాలు వచ్చిన సాయంత్రం మా ఎదుట నిలబడి, “నాన్నా, ఆటలు ఆడుకోవడానికి ఒక కంప్యూటరు కావాలి. తయారైనది కొనవద్దు. భాగాలు తెచ్చుకొంటే నేనే కూరుస్తాను” అన్నాడు. చదువు కోసమని మభ్యపెట్టక ఆటల కోసమేనని ఉన్నమాట చెప్పాడు. అందువల్లనే కాబోలు, మేము వెంటనే కాదనలేకపోయాము.

ధనం ప్రశ్న మా శ్రీమతి వద్దకు వెళ్ళింది. ఆమె నెలనెలా కట్టిన చీటీ డబ్బు నలభై వేలు ఆ నెలలోనే చేతికి రావలసి ఉంది. దానితో ఒక వాషింగ్ మెషీను, పాతబడిన ఫ్రిజ్జు స్థానంలో కొత్తది కొనాలని ఆమె రెండేళ్ళుగా అనుకొంటున్నది. ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. మరునాటి ఉదయం బకెట్టులో బట్టలు నానవేస్తూ, “ఇంకొక ఏడాది చేత్తో ఉతికితే నేనేమీ అరిగిపోను లెండి. కాని నలభై వేలు దాటితే మాత్రం ఒక్క రూపాయి ఇవ్వను” అని తేల్చి చెప్పింది. ఈ మాట అబ్బాయి కూడా విన్నాడు. ఆనాడే వాడి జాబితా నుండి రంగురంగుల దీపాలున్న అద్దాల పెట్టె తొలగిపోయింది. మేము తీసివేయమనలేదు.

మా కుటుంబానికి పవర్ హౌస్‌తో ఉన్న అనుబంధం పాతది. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుండి ఉక్కు కర్మాగారంలో కొలువు కోసం బయలుదేరి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరు చేరి, అక్కడ బండి మారి పవర్ హౌస్ స్టేషనులోనే దిగారట. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నెసును ప్రారంభించిన తరువాత కొన్నేళ్ళకు జరిగిన సంగతి ఇది. ఆయన తొలి జీతాలలో మిగిల్చిన సొమ్ముతో పవర్ హౌస్ బజారులోనే విడిభాగాలు కొని, తెలిసిన మెకానిక్కుతో ఒక రేడియో కట్టించారు. పెరటిలో పొడవాటి ఏరియల్ తీగ కట్టి, రాత్రివేళ విజయవాడ కేంద్రం కోసం చెవి ఒగ్గి కూర్చునేవారు. కనుక భాగాలు తెచ్చి యంత్రం కూర్చుకోవడం మా ఇంటికి కొత్త కాదు.

ఆదివారంనాడు తండ్రీకొడుకులము జవాహర్ మార్కెట్ వైపు బయలుదేరాము. అసలు చిక్కు గ్రాఫిక్స్ కార్డు దగ్గర వచ్చింది. తెరపై కదిలే బొమ్మలను గీయడానికి ప్రత్యేకించిన భాగమది. ఆటల కంప్యూటరులో సాధారణంగా అన్నిటికంటె ఖరీదైనదీ అదే. మాకు నచ్చినది కొంటే తక్కిన భాగాలకు సొమ్ము చాలదు. ఒక దుకాణదారు అటక మీది నుండి వాడిన కార్డు ఒకటి దించి, ఎనిమిది వేలకు ఇస్తానన్నాడు. అబ్బాయి కళ్ళు మెరిశాయి. అది ఎక్కడిదని అడిగితే, కంప్యూటరు నాణేలు ‘తవ్వే’ వారి వద్ద నుండి వచ్చిందని ఆయన దాచకుండా చెప్పాడు. 2021 ప్రాంతంలో లోకమంతటా ఇటువంటి కార్డులు దొరకక ధరలు ఆకాశానికి అంటాయి. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం అనే నాణెం ఆ తవ్వకపు పద్ధతినే విడిచిపెట్టడంతో వేలకొద్దీ వాడిన కార్డులు బజారున పడ్డాయి. రాత్రింబవళ్ళు విరామం లేక తిరిగిన సరుకు అది. మూడు షిఫ్టులు నడిచిన మోటారు బేరింగు ఎలా ఉంటుందో మాకు తెలుసు. వేలితో పంకా తిప్పి చూశాము. గరగరలాడింది. నమస్కారం పెట్టి బయటపడ్డాము.

తిరిగి వస్తూ అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. ఆ రాత్రి వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. కొన్ని ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ భాగం లోపలనే ఇమిడి ఉంటుంది. ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 5600జి అటువంటిది. 2021లో విడిగా అమ్మకానికి వచ్చింది, ఆరు కోర్లు, 65 వాట్లు. ప్రత్యేక కార్డుతో సమానం కాదుగాని, చిత్రపు నాణ్యతను కొంత తగ్గించుకొంటే చాలా ఆటలు నడుస్తాయి. చేతిలో డబ్బు ఆడిన నాడు కార్డును తరువాత చేర్చుకోవచ్చు. అయితే ఒక నియమం పాటించాలి. సొంత మెమరీ లేని ఈ గ్రాఫిక్స్ భాగం, కంప్యూటరు మెమరీనే అరువు తెచ్చుకొంటుంది. కాబట్టి 16 జీబీ ముక్క ఒకటి కాక, 8 జీబీ ముక్కలు రెండు పెట్టాలి. “ఒకటే పెడితే ఒంటి లైను నాన్నా, రెండు పెడితే డబుల్ లైను. బళ్ళు ఆగవు” అని వాడు వివరించాడు. స్టేషను పక్కన పెరిగిన పిల్లవాడి మాట మాకు ఇట్టే బోధపడింది.

మా పంతం నెగ్గినది పవర్ సప్లై విషయంలో. పెట్టె కొంటే ‘450 వాట్లు’ అని రాసి ఉన్న పవర్ సప్లై ఉచితమన్నారు. చేతిలోకి తీసుకొంటే దూదిపింజలా తేలికగా ఉంది. పేరున్న తయారీదారుది చూస్తే దాని బరువే వేరు. కర్మాగారంలో ముప్పై ఏళ్ళుగా విద్యుత్ పనులలో ఉన్నాము, ఈ ఒక్క విషయంలో మా మాట వినవలసిందే అన్నాము. ఇతర భాగం ఏది చెడినా సాధారణంగా అది ఒక్కటే పోతుంది. పవర్ సప్లై చెడితే తనతోపాటు తక్కినవాటినీ తీసుకొనిపోగలదు. పైగా ‘80 ప్లస్’ గుర్తు ఉన్న సప్లై తీసుకొన్న విద్యుత్తులో కనీసం 80 శాతాన్ని యంత్రానికి అందించగలదని పరీక్షలో తేలిన సరుకు. అబ్బాయి గౌరవంగా తల ఊపాడు. మాకు కించిత్తు గర్వం కలిగిన మాట వాస్తవం.

చివరకు లెక్క ఇలా తేలింది: ప్రాసెసర్ రూ. 11,500, మదర్‌బోర్డు 6,000, మెమరీ 3,400, 500 జీబీ ఎస్.ఎస్.డి. 2,900; పవర్ సప్లై 3,700; పెట్టె 2,200; 22 అంగుళాల తెర 7,300; కీబోర్డు, మౌసు 1,200. మొత్తం రూ. 38,200. మిగిలిన 1,800 శ్రీమతి చేతిలో పెట్టాము. ఇవి ఆనాటి ధరలు. తరువాత మార్పులు వచ్చాయి, ముఖ్యంగా 2025 చివర మెమరీ ధరలు బాగా పెరిగాయి. కనుక పాఠకులు అంకెలను కాక పద్ధతిని గ్రహించ ప్రార్థన.

కూర్పు రాత్రి భోజనాల బల్ల మీద జరిగింది. ఆ ప్రాసెసరు అడుగున 1331 సన్నని కాళ్ళు ఉన్నాయి. ఒక్కటి వంగినా కథ కంచికే. మూలనున్న బంగారు త్రికోణపు గుర్తును సాకెట్టు గుర్తుతో కలిపి, నొక్కకుండా వదిలితే తనంతట తానే కూర్చుంటుంది. అబ్బాయి చేయి వణికింది. మేము టార్చి పట్టుకొన్నాము. ముప్పై ఏళ్ళ అనుభవం గలవారము టార్చి పట్టడానికి, పద్దెనిమిదేళ్ళవాడు పని చేయడానికి! అన్నీ బిగించి మీట నొక్కితే తెర నల్లగానే ఉంది. ముగ్గురమూ ఊపిరి బిగబట్టాము. కొత్త మెమరీని పరీక్షించుకోవడానికి మొదటిసారి కొంత సమయం పడుతుందట. నిమిషం గడిచాక అక్షరాలు వెలిగాయి. శ్రీమతి దేవుని ముందున్న కుంకుమ తెచ్చి పెట్టెకు బొట్టు పెట్టింది.

వాడు మొదట ఆడిన ఆటలలో ‘రాజీ’ అనేది ఒకటి. పుణె నగరంలోని యువకులు తయారు చేయగా 2020లో విడుదలైంది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముని వెదుకుతూ ఒక అమ్మాయి ప్రాచీన భారతదేశపు కోటలు, గుడులు దాటుకొంటూ పోతుంది. శ్రీమతి వంట ముగించుకొని వచ్చి, “ఈ పిల్లకు తమ్ముడు దొరికాడా?” అని రోజూ అడిగేది.

వారం తిరగకుండానే అబ్బాయి ఒక మాట చెప్పాడు. “నాన్నా, పెట్టెను తాకితే చెయ్యి జిల్లుమంటోంది.” వానలు మొదలైన రోజులవి. మేము పత్రిక మీది నుండి తల ఎత్తకుండానే, “రాత్రి ఒంటిగంట దాకా మౌసు పట్టుకొంటే జిల్లుమనక ఏమవుతుంది?” అన్నాము. రెండు రోజులకు మళ్ళీ చెప్పాడు. కసురుకొన్నాము. మూడవసారి వాడు చెప్పలేదు. తడిగుడ్డతో బల్ల తుడవబోయిన శ్రీమతి “అమ్మో!” అని చేయి వెనక్కు లాక్కొని, “ఏమండీ, వాడు చెప్పినది నిజమేనండీ” అన్నది.

టెస్టరు పెడితే దీపం వెలిగింది. మీటరు పెడితే పెట్టె లోహానికీ భూమికీ మధ్య 110 వోల్టులకు పైగా చూపింది. పవర్ సప్లైలో లోపమా అని దానిని నిందించబోయాము. తరువాత గోడ నుండి బల్ల దాకా సాగిన ప్లగ్గు బోర్డు మీద దృష్టి పడింది. పదేళ్ళ క్రితం బల్ల పంకా కోసం మేము స్వయంగా బిగించినది అది. స్క్రూలు విప్పి చూశాము. రెండే తీగలు. మూడవ రంధ్రం కేవలం అలంకారం. ఎర్త్ లేదు.

జరిగినది ఇది. కంప్యూటరు పవర్ సప్లైలో విద్యుత్ అలజడులను వడపోసే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజునూ న్యూట్రల్‌నూ పెట్టె లోహంతో కలుపుతాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ స్వల్ప విద్యుత్తు నిశ్శబ్దంగా భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద సగం వోల్టేజీ నిలిచి, తాకినవారి చేతికి తగులుతుంది. కరెంటు స్వల్పమే కనుక అంతవరకు ప్రాణభయం లేదు. కాని ఆ జిలుజిలు ఒక హెచ్చరిక. లోపల ఏనాడైనా ఫేజు తీగ ఊడి పెట్టెను తాకితే, కాపాడవలసిన దారి అక్కడ లేదన్నమాట.

మూడు తీగల కేబులు, మంచి ప్లగ్గు, టాపు కొని బోర్డు మళ్ళీ కట్టాము. గోడ సాకెట్టులో ఎర్త్ సరిగా ఉన్నదీ లేనిదీ మీటరుతో చూసుకొన్నాము. ఖర్చు మూడు వందల లోపు. ఏటా మార్చి 4న, జాతీయ భద్రతా దినాన, వరుసలో నిలబడి ప్రతిజ్ఞ చేసేవారము మేము. ఎర్త్ లేని యంత్రాన్ని ముట్టుకోవద్దని కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు చెప్పేవారము మేము. ఇంట్లో కన్నకొడుకు రెండుసార్లు చెబితే వినలేదు. చెప్పినది ఆటల గురించి అనుకొన్నాము గనుక వినలేదు. ఆ రాత్రి వాడిని పిలిచి, “తప్పు మాదేరా” అన్నాము. ఈ మాట మా నాన్నగారు మాతో ఎన్నడూ అనలేదు, మేమూ వాడితో అంతకు ముందు అనలేదు. వాడు తల దించుకొని, “ఫరవాలేదు నాన్నా, మూడోసారి కూడా చెప్పాల్సింది” అన్నాడు.

సోదర ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు మా మనవి ఒక్కటే. చేతిలో సొమ్ము తక్కువైనపుడు దీపాలు మానుకోండి, అద్దాలు మానుకోండి, కార్డు కొనడం మరుసటి ఏటికి వాయిదా వేయండి. పవర్ సప్లైలోనూ ఎర్త్ తీగలోనూ మాత్రం పొదుపు చేయకండి. పిల్లలు చెప్పే మాటను ఆటల గొడవ అని తీసివేయకండి.

2024 దసరాకు వాషింగ్ మెషీను కొన్నాము. పనివాళ్ళు దానిని స్నానాల గదిలో దించి ప్లగ్గు పెట్టబోతుంటే అబ్బాయి ఆపాడు. లోపలికి వెళ్ళి మీటరు తెచ్చి, సాకెట్టు చూసి, “ఇప్పుడు పెట్టండి” అన్నాడు.