పెద్ద పొద్దు రోజు మా బాన్సువాడలో

ఏడాది మొత్తంలో అన్నిటికన్నా పెద్ద పగలు ఏ రోజో తెలుసా? జూన్ 21. ఆరోజు మా బాన్సువాడలో పొద్దున 5.43 ప్రాంతంలో పొడిచిన సూర్యుడు, రాత్రి ఏడు కావస్తుంటే గాని గుంకడు. పదమూడుంబావు గంటల పగలన్నమాట. డిసెంబరులో చిన్న పగలు పదకొండు గంటలే. మరి ఎక్కువొచ్చిన ఆ రెండుంబావు గంటలూ ఎటు పోతాయంటారా? ఇల్లాళ్ళకు వేరే చెప్పాలా!

బాన్సువాడ చూడనివారి కోసం రెండు మాటలు. 2016 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. 1923-31 మధ్య మంజీర మీద కట్టిన నిజాంసాగర్ కాలువ నీళ్ళతో చుట్టూ వరి పొలాలే. జూన్ 8 ప్రాంతంలో మిరుగు వస్తుంది. ఆరోజు చేపల కూర తప్పనిసరి, తిననివాళ్ళకు ఇంగువ బెల్లం. ఆ తర్వాత రెండు వారాలకు ఈ పెద్ద పొద్దు. దీనికి మన ఇళ్ళల్లో పండుగంటూ లేదు. పంచాంగంలో దక్షిణాయనం కూడా జులై మధ్యలో, కర్కాటక సంక్రాంతికే కదా!

అయితే ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరు 11న తీర్మానం చేసి దీన్ని యోగా దినంగా ప్రకటించింది. 2015 నుంచి ప్రతి ఏడూ జరుగుతోంది. 2025లో విశాఖ తీరాన మూడు లక్షల మందికి పైగా కూర్చున్నారు. మా దగ్గర అంత హంగామా ఎక్కడిది? బడి గ్రౌండులో జంపఖానాలు పరుచుకుని ముప్పై మంది ఆడవాళ్ళం, అంతే.

నాట్లకు పోయే ఒకామె ఆటో కోసం గేటు దగ్గర నిలబడి మమ్మల్ని చూసి నవ్వింది. "వంగి వంగి మా నడుములు పోతున్నయి, మీరు మళ్ళ వంగుడేందక్కా?" అంది. నేర్పే టీచరమ్మ ఏమీ అనుకోలేదు. "రా చెల్లె, నువ్వు ముందుకు వంగకు, వెనక్కి వంగు" అని నడుము మీద చేతులు పెట్టించి అర్ధచక్రాసనం చేయించింది. ఆమె కళ్ళు మూసుకుని "అబ్బ, హాయిగున్నది" అంది.

అప్పుడు తట్టింది నాకు. ఊడ్చినా, ముగ్గు వేసినా, అంట్లు తోమినా, నారు పెట్టినా అన్నీ ముందుకు వంగే పనులే. రోజు మొత్తంలో ఒక్కసారైనా వెనక్కి వంగుతున్నామా?

కార్యక్రమం ముప్పావు గంట. ఆమె మాత్రం శవాసనం దాకా ఉండలేదు, ఆటో వచ్చేసింది. మేం పడుకున్నాం. అయిదు నిమిషాలు 'అమ్మా' అనిగాని 'ఏమే' అనిగాని ఎవరూ పిలవలేదు. నాకు హాయిగానే ఉంది. కానీ మనసంతా ఆమె మీదే. మాకు పదమూడుంబావు గంటలు దొరికిన పగలే ఆమెకూ దొరికింది, అందులో ఆమెకు మిగిలింది పది నిమిషాలు! ఆ పది నిమిషాలు కూడా తీసుకోకుండా 'తీరిక లేదు' అంటూ ఎన్నేళ్ళు గడిపేస్తున్నామో ఆలోచించండి.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే పొద్దున్నే, ఖాళీ కడుపుతో చేయండి. మోకాళ్ళ నొప్పులున్నవారు వజ్రాసనం జోలికి పోవద్దు, కుర్చీలో కూర్చుని శ్వాస మీద ధ్యాస పెట్టినా చాలు. గర్భిణులు, బీపీ ఉన్నవారు, నడుముకు ఆపరేషన్ అయినవారు డాక్టర్ని అడగందే చేయకూడదు.

ఇంకో తమాషా. ఆరోజు మబ్బు లేకపోతే మధ్యాహ్నం 12.20కి డాబా ఎక్కండి. మా బాన్సువాడలో అప్పుడు మన నీడ జానెడు కూడా ఉండదు. అదీ మామూలుగా పడే ఉత్తరం వైపు కాదు, దక్షిణం వైపు పడుతుంది. సూర్యుడు మన నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికి పోయాడన్నమాట. పిల్లల్ని కూడా పిలిచి చూపించండి.