ఈ ఏటి మా అయిదు పాటలు

మేము ఏడో తరగతిలో చేరింది 2000లో. పది పాసై వెళ్లిపోయింది 2004లో. ఆ నాలుగేళ్లూ ఈ హాస్టల్లో మా గదిలో ఒక టేపు రికార్డరు ఉండేది. అది మాలో ఎవరిదీ కాదు. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చి పోతూ పోతూ ఒక సీనియర్ అన్న ఇచ్చిపోయాడు. దాని మూత విరిగిపోయింది. క్యాసెట్టు పెట్టినాక ఒకరు వేలితో అదిమి పట్టుకోవాలి, లేకుంటే పాట సాగేది. సెల్లులు వీకైతే మధ్యాహ్నం ట్రంకు పెట్టె మీద ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ వేసేవాళ్లం. రీలు తెగితే గోళ్ల రంగుతో అతికించేవాళ్లం. శనివారం స్టడీ అవర్ అయినాక ఒక గంట పెట్టుకోవడానికి వార్డెన్ సార్ ఒప్పుకున్నారు. వారమంతా లేని గొడవలు ఆ గంటలోనే అయ్యేవి.

గొడవ హీరోల గురించి. సగం మందికి ఒక హీరో పాటలు కావాలి, సగం మందికి ఇంకో హీరోవి. ఒకసారి కొట్టుకునే దాకా పోయింది. చివరికి అందరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. మా గదిలో సినిమా పాట పెట్టొద్దు. సినిమా పాటలు బస్సులో వింటాం, హోటల్ ముందర వింటాం, పెండ్లి మైకులో వింటాం. ఇక్కడ మాత్రం సినిమాకు బయటి పాటలే. ఇది తగవు తీర్చుకోవడానికి చేసుకున్న ఒప్పందమే తప్ప, అప్పుడు మాకు ఇంకే పెద్ద ఆలోచనా లేదు.

ఆ ఒప్పందమే మాకు మేలు చేసింది. అవి తెలంగాణ సభలు ఊరూరా జరుగుతున్న రోజులు. 2002 నుంచి ధూంధాం సభలు కూడా మొదలయ్యాయి. సభ దగ్గర బల్ల వేసి, పుస్తకాల పక్కనే క్యాసెట్లు అమ్మేవారు. నెలనెలా కటింగుకు ఇచ్చే పైసలు మిగిలించి మేము ఆ క్యాసెట్లు కొన్నాం. మా తలలు చూసి మంగలి అన్న ఒకాయన "మీ హాస్టల్లో సాములు ఎక్కువైండ్రు" అని నవ్వేవాడు. కొనలేని క్యాసెట్లను ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించుకునేవాళ్లం.

మాలో సగం మంది దేవరకొండ, మర్రిగూడ, మునుగోడు దిక్కు పిల్లలు. సగం మంది అచ్చంపేట, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు దిక్కు. బడిలో నోరు తెరిస్తే మా మాటకు ఎవరో ఒకరు నవ్వేవారు. అట్లాంటిది మొదటిసారి ఒక మిషన్లో నుంచి మా అమ్మ మాట్లాడే మాట వచ్చింది. కరువు, బోరు, బొంబాయి, ఫ్లోరైడు నీళ్లు, వలస పోయిన ఇంటికి వేసిన తాళం, అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. 2002 వార్షికోత్సవానికి గోడ పత్రిక మీద "ఈ ఏటి మా అయిదు క్యాసెట్లు" అని ఒక జాబితా రాసి అతికించాం. అప్పటి నుంచి ఏ ఏడూ ఆపలేదు. ఇప్పుడు మాలో టీచర్లు ఉన్నారు, బస్సు కండక్టర్ ఉన్నాడు, ఆటో నడిపేవాళ్లు ఉన్నారు, ఊర్లో వ్యవసాయం చేసేవాళ్లు ఉన్నారు. క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాయి. జాబితా మాత్రం రాస్తూనే ఉన్నాం. పాట కొత్తదా పాతదా అని చూడం. ఆ ఏడు మమ్మల్ని పట్టుకుని విడవని పాటే లెక్క. ఈ ఏటి జాబితా సంచికలో వేస్తామని తమ్ముళ్లు అడిగారు కనుక ఇక్కడ రాస్తున్నాం.

ఒకటి: 'పల్లెటూరి పిల్లగాడ'. అప్పటి నల్లగొండ జిల్లా సుద్దాల గ్రామం పేరునే తన పేరులో కలుపుకున్న సుద్దాల హనుమంతు పాట ఇది. తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటిది. పశువులు కాసే పిల్లవాడిని పలకరిస్తూ వాడి బాధ చెప్పే పాట. గౌతం ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో సంధ్య పాడారు. మాలో టీచర్‌గా ఉన్న ఒకడు ఈ ఏడు తన తరగతిలో ఈ పాట వినిపించాడట. ఒక పిల్లవాడు లేచి "సార్, వాన్ని హాస్టల్ల ఎందుకు చేర్పియ్యలే?" అని అడిగాడట. ఆ ప్రశ్న విని మేమందరం ఫోన్లోనే మౌనంగా ఉండిపోయాం. మా తాతల్లో జీతం ఉండనివారు తక్కువ. మా నాయనల్లో కూడా కొందరు పదేళ్లకే జీతం కుదిరినవారు. ఈ హాస్టల్ లేకుంటే ఆ పాటలోని పిల్లగాళ్లం మేమే.

రెండు: 'పల్లె కన్నీరు పెడుతుందో'. గోరటి వెంకన్న పాట. ఆయనది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా గౌరారం. ఈ పాట మీద 2002లో మా గదిలో పెద్ద పంచాయితీ జరిగింది. ఆ ఏడే ఇది 'కుబుసం' సినిమాలో వచ్చింది. "సినిమాలకు పోయింది గదా, ఒప్పందం ప్రకారం తీసెయ్యాలె" అని కొందరు పట్టుబట్టారు. పాలమూరు దిక్కు పిల్లలు ఒప్పుకోలేదు. సినిమా రాకముందే ఈ పాట మాకు నోటికి వచ్చు అన్నారు. చివరికి మా గది తీర్పు ఇట్లా అయ్యింది: పాట ఊర్లో పుట్టి సినిమాకు పోతే మనదే, సినిమాలో పుట్టి ఊరికి వస్తే వాళ్లది. మొదటి నంబరు పాట కూడా ఆ తీర్పు మీదనే జాబితాలో నిలబడింది.

ఈ పాటలో కుమ్మరి, కమ్మరి, సాలె ఒక్కొక్కరి పని ఎట్లా ఆగిపోయిందో చెబుతాడు. ప్రపంచీకరణ అనే మాట మేము పదో తరగతి సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. అది అర్థమైంది మాత్రం ఈ పాటతో. వెంకన్న 'వల్లంకి తాళం' కవితా సంపుటికి 2021 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ రోజు మా అందరి ఫోన్లలో ఇదే పాట మోగింది.

మూడు: బెల్లి లలిత గొంతు. పాట పేరు రాయడం లేదు, గొంతునే రాస్తున్నాం. ఆమె భువనగిరిలో స్పిన్నింగు మిల్లు కార్మికురాలు. తెలంగాణ కళా సమితి తరఫున ఊరూరా పాడింది. 1999 మే నెలలో ఆమెను హత్య చేశారు. మేము హాస్టల్లో చేరేనాటికే ఆమె లేదు. భువనగిరి దిక్కు అన్న ఒకాయన ఒక క్యాసెట్టు తెచ్చి ఇది ఆమె గొంతే అని చెప్పాడు. కాపీకి కాపీ కాబట్టి అంతా గరగర. అయినా ఆ గరగరలో నుంచి గొంతు లేచి వచ్చేది. పాడినందుకు మనిషిని చంపుతారా అని ఆ రాత్రి అడిగిన పిల్లవాడికి ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. ఈ ఏడు మాలో ఒకడు ఇల్లు మారుతుంటే ఆ క్యాసెట్టు దొరికింది. రీలుకు బూజు పట్టింది. తుడిచి, పాత టేపు రికార్డరు అడుక్కొచ్చి, ఫోన్లోకి ఎక్కిస్తే పదకొండు నిమిషాలు మిగిలింది. ఆ పదకొండు నిమిషాలే మా మూడో నంబరు.

నాలుగు: పన్నెండు మెట్ల కిన్నెర. దర్శనం మొగులయ్య ఊరు నల్లమల దిక్కు, నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు, తీగలు, ఇవీ కిన్నెర అంటే. దాని మీద పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ చెబుతాడు. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన సాయన్న కథ మేము మా ముసలమ్మల నోట విన్నదే. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటలో మొగులయ్య గొంతు వచ్చాక దేశమంతా ఆయన్ను చూసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగులయ్య హైదరాబాద్ దగ్గర ఒక కట్టడం దగ్గర కూలి పని చేస్తున్న వార్త కూడా వచ్చింది. రెండు వార్తలనూ మేము ఒకే ఫోన్లో చూశాం. పాటకు దండం పెట్టడం మాకు సులభం, పాడేవాడి పూట గురించి అడగడమే మరిచిపోతున్నాం. ఆ మరుపు మాలో కూడా ఉంది కాబట్టే ఆయన్ను ప్రతి ఏడూ జాబితాలో ఉంచుతున్నాం.

అయిదు: 'రాను బొంబయికి రాను'. ఇది మా ఎంపిక కాదు, ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లది. రాము రాథోడ్ రాసిన పాట, 2025లో యూట్యూబులో వచ్చి కోట్ల సార్లు మోగింది. సినిమా లేదు, పెద్ద కంపెనీ లేదు. మొదట మేము ఒప్పుకోలేదు. "అది డాన్సు పాటరా, దాంట్ల ఏమున్నది?" అన్నాం. పెద్దవాళ్లమైపోయిన సంగతి మాకే తెలియలేదు. అప్పుడు మాలో కండక్టర్‌గా చేసేవాడు మాట్లాడాడు. వాడి అమ్మానాయనా వాడి చిన్నప్పుడు బొంబాయిలో కట్టడం పనికి పోయి, దసరాకు మాత్రం ఊరికి వచ్చేవారు. వాడు అవ్వ దగ్గర పెరిగి హాస్టల్‌కు వచ్చాడు. "మా అమ్మకు రాను అనే అవకాశం ఎవ్వలిచ్చిండ్రు? బొంబాయికి రాను అని ఒక ఆడపిల్ల ఆడుకుంట పాడుకుంట చెప్తున్నది. నాకైతే ఆ పాట ఇంటే సంబురమైతది" అన్నాడు. పాలమూరు పాటల్లో బొంబాయి పేరు ఇన్నేళ్లూ ఏడుపుతోనే వచ్చింది. మొదటిసారి నవ్వుతూ వచ్చింది. తమ్ముళ్ల మాటే నెగ్గింది.

ఇవీ అయిదు. నిజానికి మా జాబితాలో ఆరో గీత ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 2019 నుంచి దాన్ని ఖాళీగా వదిలేస్తున్నాం. ఎందుకో ఈసారి రాయమని, ఆ గీత ఎవరిదో వాడే చెప్పాడు. పేరు మాత్రం వద్దన్నాడు.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం హాస్టల్ గేటు దగ్గరకు ఒకాయన వచ్చాడు. పక్క ఊర్లో చావు ఉంటే డప్పు కొట్టడానికి పోతూ దారిలో ఆగాడు. భుజానికి డప్పు, తువ్వాలలో ఉడికిన పల్లికాయలు. మాలో ఒకడు గేటు దగ్గరకు పోయి మూట తీసుకున్నాడు. "ఎవర్రా?" అని మేము అడిగితే "మా ఊరాయన" అన్నాడు. ఆ మాట ఆయనకు వినబడింది. ఆయన మా దిక్కు చూసి "అవ్ బిడ్డా, మీ దోస్తువాళ్ల ఊరాయన్నే. పల్లికాయలు అందరు తినుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు. కన్న తండ్రి అని మాకు ముఖం చూడగానే తెలిసిపోయింది. అయినా ఎవ్వరం ఏమీ అనలేదు. మాలో ఒకడు అని రాస్తున్నాం కానీ, ఆ రోజు ఎవరి నాయన డప్పుతో వచ్చినా మేమూ అదే మాట అనేవాళ్లం.

ఆ శనివారం రాత్రి గదిలో డప్పు పాటల క్యాసెట్టు పెట్టాం. అందరం ఎగిరాం. వాడు మాత్రం బయట నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చున్నాడు. క్యాసెట్టులోని డప్పుకు ఎగిరేవాళ్లమే, గేటు దగ్గరి డప్పుకు సిగ్గుపడ్డాం. ఆ సంగతి మాకు చాలా ఏళ్లకు గానీ తలకెక్కలేదు.

వాడు ఇప్పుడు లెక్చరర్. వాళ్ల నాయన చుట్టుపక్కల పది ఊర్లకు పేరున్న డప్పు కళాకారుడు. గడ్డి మంట మీద డప్పు కాగబెట్టి మొదటి దెబ్బ వేస్తే, అది పెండ్లి దరువో చావు దరువో ఊరి చివర ఉన్నవాడికి కూడా తెలిసేదట. ఆయన 2019లో చనిపోయాడు. చావుకు మేము పోయాం. వేరే ఊరివాళ్లు వచ్చి డప్పు కొట్టారు. బాగానే కొట్టారు. కానీ వాడు మా చెవిలో "ఇది మా నాయన దరువు కాదు" అన్నాడు. అప్పటికి మా అందరి జేబుల్లో ఫోన్లు ఉన్నాయి, ఎన్నో ఏళ్ల నుంచి ఉన్నాయి. వాడి పెండ్లి వీడియో ఉంది, బిడ్డ పుట్టినరోజు వీడియో ఉంది. నాయన దరువు ఒక్క నిమిషం కూడా లేదు. అందుకే ఆ ఆరో గీత ఖాళీ.

తమ్ముళ్లారా, ఇప్పుడు ఈ గదుల్లో మాకంటే మంచి మిషన్లు ఉన్నాయి. మూత అదిమి పట్టే పని లేదు, సెల్లులు ఎండబెట్టే పని లేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వ నాట్లేసేటప్పుడు పాడిన పాటో, మీ తాత చెప్పే కథో, మీ నాయన దరువో ఒకటి రికార్డు చేసుకొని రండి. పక్కన మనిషి పేరు, ఊరి పేరు రాసుకోండి. గేటు దగ్గరకు ఎవరు వచ్చినా మా నాయన అనే చెప్పండి. వచ్చే ఏడు సంచికలో జాబితా మీరే రాయండి. మాకు నచ్చకపోతే ఎప్పటిలాగే శనివారం రాత్రి కూర్చుని పంచాయితీ పెట్టుకుందాం.